పులి దండం పెట్టలేదు

మా మనవరాలు చలికోటు విప్పి కొక్కేనికి తగిలించింది. లోపల వేసుకున్న టీషర్టు మీద నా మొహం ఉంది.

ఎనిమిదేళ్ళప్పటి మొహం. నెత్తిన వేలెడు జుట్టు లేదు. చెవులకు రాళ్ళ దిద్దులు. కనుబొమలు ముడిపడి, కింది పెదవి ముందుకొచ్చి, ఎవరినో నమిలి మింగేసేలా చూస్తున్న మొహం. దాని కింద ఇంగ్లీషులో ఏదో జోకు. నేను జోకు చదవలేదు. బూట్లు విప్పుకోమని కూడా దానికి చెప్పలేకపోయాను. మంచు నీళ్ళు తివాచీ మీదికి కారుతుంటే చూస్తూ నిలబడ్డాను.

ఆ బొమ్మ ఎవరిదని అడిగాను. అది ఇంగ్లీషులో ఉత్సాహంగా చెప్పుకొచ్చింది. పాత తెలుగు పిల్లల సినిమా అట. ఎవరో టీవీలో వేసినప్పుడు క్యాసెట్టు మీద పట్టుకుని, ఇన్నేళ్ళ తర్వాత ఇంటర్నెట్టులో పెట్టారట. అంత చెత్త సినిమా ప్రపంచంలో ఇంకొకటి లేదట. అందుకే తనకూ తన స్నేహితులకూ అదంటే ప్రాణమట. ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ బిల్డింగులో పార్టీ రూములో అందరూ కలిసి చూస్తున్నారట. సగంమందికి తెలుగు రాదు, నువ్వొచ్చి మాటలు చెప్పాలి అమ్మమ్మా, అంది.

సినిమా పేరు ఇక్కడ రాయను. రాస్తే మీరూ వెతుక్కుని చూస్తారు. చూసి నవ్వుతారు.

చెడిపోయిన వస్తువును ఇష్టపడటం నాకు ఈ దేశంలో ఇన్నేళ్ళున్నా అర్థం కాలేదు. మా నాయనమ్మ పప్పు మాడితే కుక్కకు పెట్టేది. ఎంత బాగా మాడిందో చూడండని ఇరుగుపొరుగును పిలిచి విందు చేసేది కాదు. బాగా తీసిన సినిమాను మెచ్చుకోవచ్చు, చెడ్డదాన్ని తిట్టవచ్చు. చెడ్డదాన్ని ముద్దు చేసుకుంటూ నవ్వడం ఏమిటి? నవ్వించుకుంటున్నవాడికి అది తిట్టు కన్నా నొప్పి. ఆ నొప్పి నేను దగ్గర నుంచి చూశాను.

ఆదివారం వస్తానన్నాను. అందులో నేనున్నానని చెప్పలేదు. మా ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు. చెబితే చిన్నాన్న సంగతి చెప్పాలి.

చిన్నాన్నకు బజారులో సైకిలు షాపు ఉండేది. పంచరు వేయడం, చక్రం ఒంకర తీయడం, అద్దె సైకిళ్ళు ఇవ్వడం. ఏడాదంతా ఒంటిమీద గ్రీజు, రబ్బరు సొల్యూషను వాసన. ఒకసారి గొలుసులో పడి కుడిచేతి చూపుడు వేలు కొస గోరుతో సహా పోయింది. ఆ మొండివేలితోనే మాకు ముక్కు మీద టంగుమని కొట్టేవాడు. మిగతా వేళ్ళకన్నా అదే గట్టిగా తగిలేది.

దసరా వచ్చిందంటే ఆ మనిషి కనబడేవాడు కాదు. పులి కనబడేది.

మా వీధి పులివేషాల జట్టులో చిన్నాన్నే ముఖ్యమైన పులి. తెల్లవారకముందే పెరట్లో రంగు వేయించుకునేవాడు. అప్పటికే నాయనమ్మ ఇంత పెరుగన్నం ముద్దలు చేసి నోట్లో పెట్టి పంపేది, రంగు పడ్డాక చేత్తో తినడానికి ఉండదు కనుక. రెండు చేతులూ చాచి, రెండు కర్రలు పట్టుకుని నిలబడేవాడు. ముందు పచ్చటి పసుపు రంగు, అది ఆరాక నల్ల చారలు. వార్నిషు ఘాటుకు కళ్ళు మండేవి. అయినా మేము కదిలేవాళ్ళం కాదు. చివర్లో గోళ్ళ మీద నల్లటి పంజా కొనలు దిద్దేవాళ్ళు. మొండివేలికి మాత్రం గోరు లేదు కదా, దాని మీద ఒక చుక్క పెట్టి వదిలేసేవాళ్ళు. నడుముకు వెదురుబద్దకు గుడ్డ చుట్టిన తోక. నెత్తిన చెవులున్న టోపీ.

మా జట్టుకు ఒక కట్టుబాటు ఉండేది. రంగు ఆరిన క్షణం నుంచి కిరసనాయిలు గుడ్డతో రంగు తుడిచే దాకా పులి మనిషి మాట మాట్లాడకూడదు. ఎవరికీ దండం పెట్టకూడదు. కరణం గుమ్మమైనా, గుడి గుమ్మమైనా సరే. ఈ కట్టుబాటు కాపాడే పని ముసలాయనది. ఆయన ఒకప్పుడు తనే పులి, అప్పటికి డప్పు కొడుతూ జట్టును నడిపేవాడు. అందరూ ఆయన్ను పెదపులి అనేవాళ్ళు. కట్టుబాటు తప్పినవాడికి మళ్ళీ రంగు ముట్టనివ్వడని పేరు.

మాకది గొప్ప ఆట. రంగులో ఉన్న చిన్నాన్న దగ్గరికి వెళ్ళి, చిన్నాన్నా నా పలక ఎక్కడ పెట్టావు, చిన్నాన్నా నీకు పెళ్ళి సంబంధం వచ్చిందట నిజమేనా అని అడిగేదాన్ని. మాట వస్తుందేమోనని నోటి వైపే చూసేదాన్ని. గుర్రుమనేవాడు తప్ప ఒక్క అక్షరం రాలేదు. ఒకసారి వెనకగా వెళ్ళి తోక లాగాను. వెనక్కి తిరిగి చూసిన చూపుకు లంగా తడిసినంత పనయింది. ఇంట్లో నన్ను ఎత్తుకు తిప్పే మనిషే అది. తెలుసు. తెలిసినా భయమే. డప్పు మీద పులి దరువు మొదలైతే చిన్నాన్న మొదట వెనక కాళ్ళ మీద కూర్చుని భుజాలు కదిపేవాడు. ఆ భుజాలు కదలడంతో అరుగుల మీద ఆడవాళ్ళు పిల్లల్ని లోపలికి లాక్కునేవాళ్ళు. వెనక్కి విల్లులా వంగి నేల మీది నిమ్మకాయను నోటితో అందుకుంటే ఊరు ఊపిరి బిగబట్టేది. నవ్విన మొహం నేనొక్కటి కూడా చూడలేదు.

అలాంటి ఊరికి సినిమావాళ్ళు వచ్చారు.

మా ఊరి రైసుమిల్లు యజమానికి కొడుకును హీరోగా చూసుకోవాలని బుద్ధి పుట్టింది. పిల్లల సినిమా అన్నారు. మద్రాసు నుంచి ఒక దర్శకుడిని, అద్దెకు ఒక కెమెరాను తెప్పించారు. తల్లిలేని పిల్లవాడు చెల్లెలి జబ్బుకు మూలిక కోసం అడవికి వెళ్తాడు, దారిలో పులి ఎదురొస్తుంది. వాడు పులికి నీతి చెబుతాడు. అబద్ధమాడరాదు, జీవహింస చేయరాదు అని. పులి ఏడ్చి, వాడికి దండం పెట్టి వెళ్ళిపోతుంది. ఇదీ కథ. ఊరవతల సీతాఫలం తోపు అడవి అయింది.

పులి కోసం చిన్నాన్నను అడిగారు. దండం సంగతి చెప్పలేదు. సినిమాలో పులి అనగానే జట్టంతా పొంగిపోయింది. పెదపులి తనే రంగు కలిపిస్తానన్నాడు.

షూటింగు మొదలైన నాలుగు రోజులకే హీరోకు ఆటలమ్మ పోసింది. మిల్లు యజమాని ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టారు. ఆ ఇంట్లో తాలింపు మానేశారు. అమ్మవారు వచ్చిన బిడ్డను గడప దాటించేది లేదని వాడి నాయనమ్మ అడ్డంగా కూర్చుంది. కెమెరా అద్దె గడువు దగ్గర పడుతోంది. దర్శకుడు ఊరంతా తిరిగి హీరో వీపుకు సరిపోయే వీపు కోసం వెతికాడు.

ఆ ఏడే నాకు టైఫాయిడు వచ్చి తగ్గితే తిరుపతిలో మొక్కు తీర్చారు. గుండు మీద జుట్టు అప్పుడే మొలుస్తోంది. బళ్ళో అందరూ నన్ను బోడిది అని పిలిచేవాళ్ళు. ఎవరెవరు పిలిచారో ఇప్పటికీ వరసగా చెప్పగలను. దర్శకుడు మా వీధిలో నన్ను వెనక నుంచి చూసి, ఇదే వీపు అన్నాడు. నా మొహం చూద్దామని కూడా అనుకోలేదు.

హీరో నిక్కరు, చొక్కా నాకు తొడిగారు. చెవిదిద్దులు తీయమన్నారు. నాయనమ్మ తీయనంటే తీయనంది. ఆడపిల్ల చెవులు బోసిగా ఉంచితే కన్నాలు పూడిపోతాయి, మీ సినిమా అయిపోయాక మళ్ళీ మీరొచ్చి కుట్టిస్తారా అని దర్శకుడిని నిలదీసింది. వెనక నుంచి ఎవరికి కనబడతాయిలే అని ఆయనే సర్దుకున్నాడు. అందుకే ఆ సినిమాలో హీరోకు ముందు నుంచి చూస్తే చెవులు బోసి, వెనక నుంచి చూస్తే దిద్దులు.

సగం సినిమా నడిచింది నేను. కొండ ఎక్కింది నేను. ముళ్ళలో పడింది నేను. మోచేతి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. కానీ తిండి దగ్గర మాత్రం నాకు వీపుకు తగినంతే పెట్టేవాళ్ళు. మొహం ఉన్న నటులకు నెయ్యి వేసిన ఉప్మా, ఉడికించిన కోడిగుడ్డు, చల్లటి రంగు నీళ్ళ సీసా. నాకు లైట్లు మోసేవాళ్ళతో పాటు చల్లారిన ఉప్మా. గుడ్డు కావాలని అడిగితే మేనేజరు, వీపుకు గుడ్డెందుకే అన్నాడు. అందరూ నవ్వారు. ఆ మనిషికి పై పెదవి మీద పుట్టుమచ్చ ఉండేది. ఇక్కడ బ్యాంకులో పనిచేస్తున్నప్పుడు ఒక మేనేజరుకు అచ్చం అలాంటి మచ్చే ఉండేది. ఆయన ఏ తప్పూ చేయలేదు, అయినా నేను ఆయనతో ఎప్పుడూ కలిసి భోంచేయలేదు.

పులి దృశ్యం తీసిన రోజు నాకు బాగా గుర్తు. చిన్నాన్న రంగు వేయించుకుని తోపులోకి వచ్చాడు. కెమెరా నా వెనక ఉంది. నా ఎదురుగా చిన్నాన్న. పెదపులి డప్పు తీసుకుని పక్కన కూర్చోబోతే దర్శకుడు వద్దన్నాడు. అడవిలో డప్పులు ఉండవు, ఆ ముసలాయన్ను పంపేయండి అన్నాడు. పెదపులి డప్పు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళిపోవడం ముఖ్యం. ఆయన అక్కడే ఉండి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

డప్పు లేకుండా చిన్నాన్న నడిచాడు. నాకు ఆ నడకలో దరువు వినబడుతూనే ఉంది, లోపల కొట్టుకుంటూ అడుగు వేస్తున్నాడని తెలుస్తోంది. దర్శకుడికి వినబడలేదు. ఆగు ఆగు అని అరిచాడు. పులి అలా కులుకుతుందా అన్నాడు. పాకమన్నాడు. చిన్నాన్న మోకాళ్ళ మీద పాకాడు. ఎండకు రంగు చిట్లుతోంది. రాళ్ళు గుచ్చుకుంటున్నాయి.

అప్పుడు దర్శకుడు చెప్పాడు, ఇప్పుడు పిల్లవాడికి దండం పెట్టు అని.

చిన్నాన్న తల అడ్డంగా ఊపాడు.

దర్శకుడు ముందు మామూలుగా చెప్పాడు. తర్వాత గట్టిగా చెప్పాడు. చిన్నాన్న తల ఊపుతూనే ఉన్నాడు, మాట్లాడడు. మాట్లాడకూడదు కదా. ఎందుకు పెట్టడో చెప్పడానికి కూడా రంగు తుడుచుకోవాలి. దర్శకుడికి అది పొగరులా కనబడింది.

"ఏరా, నోరు పడిపోయిందా? నీకు రంగు పూయించింది నటించడానికి. సైకిలు ట్యూబులు అతికించుకునేవాడికి ఇంత టెక్కేమిటి? ఆ పొట్టా నువ్వూనూ. పులట, పులి."

లైట్లు మోసేవాళ్ళు నవ్వారు. చిన్నాన్న కళ్ళు నాకు ఎదురుగా ఉన్నాయి. ఆ కళ్ళ చుట్టూ నల్ల రంగు కరిగి కారుతోంది. చెమటే అయి ఉంటుంది. నేను చెమటే అనుకున్నాను. ఆయన మాట్లాడలేడు కనుక ఆ మనిషి ఏమైనా అంటున్నాడు. అది నాకు భరించరానిదైంది.

నేను వెనక్కి తిరిగాను. ఏం జరిగినా తిరగొద్దని నాకు మొదటి రోజు నుంచీ చెబుతూ వచ్చారు. తిరిగి దర్శకుడి కళ్ళలోకి చూశాను. కెమెరా తిరుగుతూనే ఉంది. ఆయన పక్కనే ఉంది కెమెరా. నా మొహం అందులో పడింది.

ఫిల్ము తక్కువగా ఉంది, మళ్ళీ తీయడానికి లేదు. ఒకటి రెండు తిట్లు తిట్టి ఆ రోజుకు ముగించారు. చిన్నాన్న దండం పెట్టలేదు. నేను అక్కడే ఉన్నాను. ఇంటికి వస్తుంటే దారిలో కాలవ దగ్గర కూర్చుని, కిరసనాయిలు గుడ్డతో మూతి తుడుచుకుని, అప్పుడు మాట్లాడాడు.

"బాగా చూశావే బోడీ వాడి వంక. నేను తోక ఊపినా అంత భయపడేవాడు కాదు."

ఆయన బోడీ అంటే నాకు కోపం రాలేదు. ఆయనొక్కడికే ఆ హక్కు.

సినిమా మా ఊళ్ళో ఒకే ఒక ఉదయం ఆట ఆడింది. బళ్ళన్నీ మూసి పిల్లల్ని వరసగా తోలుకొచ్చారు. హాల్లో ఉడికించిన శనగల వాసన, బీడీ పొగ, తడి నేల వాసన. చిన్నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. జట్టునంతా పిలుచుకుని ముందు బెంచీల్లో కూర్చోబెట్టాడు. పెదపులి మధ్యలో కూర్చున్నాడు. నాయనమ్మ ఒళ్ళో నేను, నా మొహం వచ్చినప్పుడు చూపించాలని ఆమె చేయి పట్టుకుని ఉన్నాను.

పులి తెర మీదికి వచ్చింది. హాలు నవ్వింది.

నలుపు తెలుపు సినిమా అది. పసుపు రంగంతా తెల్లగా తేలిపోయింది. ఒంటినిండా చారలున్న తెల్లటి మనిషి ఒకడు పొట్ట వేలాడేసుకుని రాళ్ళ మధ్య పాకుతున్నాడు. డప్పు లేదు. మద్రాసులో కలిపిన గాండ్రింపు ఎవరో తేన్చినట్టుంది. దసరాకు అరుగుల మీద నుంచి లోపలికి పారిపోయిన పిల్లలే బెంచీల మీద ఎక్కి నవ్వారు. చారల గుర్రం, చారల గుర్రం అని ఎవడో అరిచాడు. వాడు తర్వాత లాయరయ్యాడని విన్నాను. ఆ గోలలో నా మొహం వచ్చి పోయింది. అదుగో నేను, అదుగో నేను అని నాయనమ్మను గుంజాను. ఆమె కళ్ళజోడు సర్దుకునేలోగా వెళ్ళిపోయింది. ఎవరూ చూడలేదు.

ఆ తర్వాత తెరనిండా రెండు చేతులు కనబడ్డాయి. చారలు పూసిన చేతులు. అవి దగ్గరకొచ్చి దండం పెట్టాయి.

పెదపులి లేచి నిలబడ్డాడు. కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. జట్టు ఒక్కొక్కరే ఆయన వెనక లేచారు. చిన్నాన్న తలుపు దాకా పరిగెత్తాడు. అవి నా చేతులు కావు, వేరేవాడికి రంగు పూసి తీశారు, నా వేలు చూడండి, అని ఆ మొండివేలు చూపిస్తూ ప్రాధేయపడ్డాడు. సినిమా ఆగదు కదా. చేతులు ఎప్పుడో వెళ్ళిపోయాయి. తెర మీద మూలిక దొరికి అందరూ పాట పాడుతున్నారు.

నేనూ చెప్పాను. పెదపులి పంచె పట్టుకుని, నేను అక్కడే ఉన్నాను తాతా, చిన్నాన్న పెట్టలేదు, అన్నాను.

"ఊరంతా చూసిందాన్ని కాదంటావా? మొహమే పడలేదు నీది. నువ్వక్కడ ఉన్నావని ఎవరికి తెలుసు?" అన్నాడాయన.

ఆ సాయంత్రమే సినిమా పెట్టె బస్సెక్కి పక్క ఊరికి పోయింది. చిన్నాన్న సైకిలు మీద దాని వెనక వెళ్ళాడు, ఇంకోసారి చూసి ఎవరినైనా సాక్ష్యం తెచ్చుకుందామని. అక్కడా ఒకే ఆట. వెళ్ళేసరికి అయిపోయింది. దసరాకు పెదపులి రంగు డబ్బా మా ఇంటి గుమ్మం దాటించలేదు. చిన్నాన్న ఇంకెప్పుడూ పులి కట్టలేదు. డప్పు మా వీధిలోకి వచ్చినప్పుడు షాపు తలుపు ముందుకు లాగి, లోపల చక్రాలు తిప్పుతూ కూర్చునేవాడు. వాళ్ళెవరూ ఇప్పుడు లేరు. పెదపులి లేడు, జట్టు లేదు, చిన్నాన్న లేడు. ఆ వీధిలో దసరాకు ఇప్పుడు స్పీకర్లు పెడుతున్నారట.

ఇదంతా కడుపులో పెట్టుకుని ఆదివారం నార్త్ యార్క్‌లో మనవరాలి బిల్డింగుకు వెళ్ళాను. బయట మంచు. పార్టీ రూములో పిజ్జా వాసన, తడి బూట్ల వాసన. పాతికమంది దాకా పిల్లలు. మన హైదరాబాదు వైపు, గుంటూరు వైపు నుంచి చదువుకోడానికి వచ్చినవాళ్ళు కొందరు, ఇక్కడే పుట్టినవాళ్ళు కొందరు. నాకు మెత్తటి కుర్చీ వేశారు. ఆంటీ, పిజ్జాలో మాంసం లేదు, తినండి అని మర్యాద చేశారు. నేను తినలేదు.

వాళ్ళకు ఆ సినిమా కంఠతా వచ్చు. నా వీపు కనబడగానే ఈల వేస్తారు. దిద్దులు కనబడగానే చెవులు పట్టుకుని ఊపుతారు. తేన్పు గాండ్రింపు వస్తే అందరూ కలిసి తేన్చుతారు. పులి వచ్చింది. జీబ్రా అంకుల్, జీబ్రా అంకుల్ అని చప్పట్లు. మా మనవరాలు అందరికన్నా గట్టిగా కొడుతోంది. ఒంటి మీద నా మొహం వేసుకుని.

"ఆపండి" అన్నాను.

కంప్యూటరు దగ్గరున్న అబ్బాయి ఆపాడు. తెర మీద చిన్నాన్న పాకుతూ ఆగిపోయాడు. ఏదో మాటకు అర్థం చెబుతాననుకున్నారు.

"ఆ మనిషి మా చిన్నాన్న. ఆ షర్టు మీద పిల్ల నేను" అన్నాను.

ముందు నవ్వారు. జోకు బాగా వేశారాంటీ అని ఎవరో అన్నారు. నేను ఊరికే చూశాను వాళ్ళ వంక. ఒక్కొక్కరే షర్టు వైపు, నా వైపు, మళ్ళీ షర్టు వైపు చూడటం మొదలుపెట్టారు. మా మనవరాలు రెండు చేతులూ ఛాతీ మీద అడ్డం పెట్టుకుంది.

అప్పుడు చెప్పాను. రంగు సంగతి, కట్టుబాటు సంగతి, హాలు సంగతి. తెలుగు రానివాళ్ళకు మా మనవరాలే ఇంగ్లీషులో మెల్లగా చెప్పుకుంటూ వచ్చింది. మీరు నవ్వుతున్న ఆ పొట్ట వెనక్కి వంగి నేల మీది నిమ్మకాయ అందుకునేదని చెప్పాను. ఆయన దండం పెట్టలేదు, ఆ చేతులు ఆయనవి కావు, నేను చెబితే ఎవరూ నమ్మలేదు, మీరూ నమ్మక్కర్లేదు, కానీ నా ఎదురుగా మాత్రం నవ్వొద్దు అన్నాను.

కంప్యూటరు దగ్గరి అబ్బాయిది కరీంనగర్. రాత్రిళ్ళు గిడ్డంగిలో పని చేస్తూ చదువుకుంటాడట. వాడు తల గోక్కుని మెల్లగా అన్నాడు.

"ఆంటీ, ఆ చేతులు ఆయనయి కావని మాకు ఎప్పుడో తెలుసు."

నేను వాడి వైపు తిరిగాను.

వాడు రెండు మీటలు నొక్కాడు. తెర మీద చిన్నాన్న చేయి రాతి మీద ఆగింది. నాలుగు నల్లటి పంజా కొనలు, ఒక మొండివేలి మీద చుక్క. ఆ చుక్క నేను చిన్నప్పుడు పెరట్లో కూర్చుని చూసిన చుక్కే. మళ్ళీ నొక్కాడు. దండం పెడుతున్న చేతులు. సన్నటి వేళ్ళు. అన్ని వేళ్ళకూ గోళ్ళు. ఒక వేలికి ఉంగరం కూడా ఉంది.

"మేం దీన్ని పులికి వేలు మొలిచిన సీనంటాం ఆంటీ. ఇంటర్నెట్ల అందరికి తెలుసు. ఇదే ఫేమస్ మిస్టేకు. ఆయన పెట్టలేదు. పెట్టిందెవరో వేరేటోడు."

"ఆ మాట ఇంకోసారి అను" అన్నాను.

"ఆయన పెట్టలేదు ఆంటీ."

మా ఊరు ఊరంతా, చిన్నాన్నతో కలిసి తిన్నవాళ్ళు, కలిసి ఆడినవాళ్ళు, ఆ చేయి పట్టుకుని నడిచినవాళ్ళు ఒక్కళ్ళూ అనని మాట అది. ఎవరి కోసం ఆయన సినిమా పెట్టె వెనక సైకిలు తొక్కాడో ఆ సాక్షి ఇక్కడ పిజ్జా ముక్క చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. నవ్వడానికి చూశారు వీళ్ళు, అది నేను క్షమించను. కానీ ఆపి, వెనక్కి తిప్పి, వేళ్ళు వేళ్ళుగా చూశారు. మా ఊరు ఒక్కసారి చూసి లేచిపోయింది. అది అసలే క్షమించను. ఇద్దరి మీదా నాకు కోపమే. ఏది ఎక్కువో తేల్చుకునే వయసు కాదు.

వాడిని ఆ రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టమన్నాను. పెట్టాడు. కింద రాయమన్నాను, ఈ చేతులు పులివి కావు అని, తెలుగులో. రాసి అక్కడే ఇంటర్నెట్టులో పెట్టాడు. ఇంటికి చేరేలోగా దాని కింద ఎవరో నవ్వు బొమ్మ పెట్టారు. ఎవరు పెట్టారో కనుక్కోమని మా మనవరాలికి చెప్పాను. కనుక్కునే దాకా రోజూ అడుగుతాను.

ఆ రోజు అదే నన్ను కారులో దింపింది. ఇంటి ముందు కారు ఆపి, ఈ షర్టు ఇంక వేసుకోను అమ్మమ్మా, అంది. తెలుగులోనే అంది.

వేసుకోమన్నాను. ఎవరైనా, ఈ పిల్ల ఎవరిని అలా చూస్తోందని అడిగితే మాత్రం చెప్పాలన్నాను. ఇంతకీ ఎవరిని అని అడిగింది.

ఆ దర్శకుడు పోయి ఎన్నేళ్ళయిందో నాకు తెలియదు. కెమెరా పక్కన ఆయన నిలబడిన చోటు మాత్రం తెలుసు. మంచు పడుతున్న కారు అద్దంలో నా మొహం కనబడింది. ఇంకా అటే చూస్తోంది.